చందాదారుని విశ్వాసము: మదరాసు తెలుగు పత్రికల చరిత్ర

అంగడిలో పత్రికను కొనువాడు వస్తువును చూచి సొమ్ము నిచ్చును. చందాదారుడు అట్లు కాదు. ఇంకను వ్రాయబడని సంచికలకు ముందుగా మూల్యము చెల్లించును. కావున చందా యనునది వ్యాపారదృష్టిలో ఆదాయమే యైనను, ధర్మదృష్టిలో ఋణము. ఆ ఋణమును వాయిదా తప్పక తీర్చుటయే చందాదారుని విశ్వాసమునకు మూలమని మదరాసు తెలుగు పత్రికల చరిత్ర వలన గ్రహింపవచ్చును. నేడు ఈ-మెయిలు ద్వారా వార్తాలేఖలను పంపువారికిని ఈ చరిత్ర ఉపయోగపడును.

కందుకూరి వీరేశలింగము పంతులు 1874లో 'వివేకవర్ధని'ని ప్రారంభించినప్పుడు సంపాదకుడు గోదావరీ తీరమునందును, ముద్రాక్షరశాల మదరాసునందును ఉండెను. ఆ రెండింటిని కలుపు రైలుమార్గ మింకను లేదు. తపాలా కచేరీలలో వి.పి. పద్ధతి 1877లోను, మనియార్డరు 1880లోను ఏర్పడినవి. వి.పి. వలన పాఠకుని సందేహము చాలవరకు తీరినది. సరకు చేతి కందినప్పుడే అతడు సొమ్ము చెల్లించును. ఆ సొమ్మును తపాలాశాఖ పత్రికాధిపతికి చేర్చును. కాని పాఠకుడు నిరాకరించినచో కట్ట తిరిగివచ్చి, ఖర్చు పంపినవానిపై పడును. అందుచేత అడుగని వానికి పంపుట పంపువానికే నష్టము. అనుమతి లేక పంపరాదను నియమమునకు గల లౌకిక కారణము ఇచ్చట స్పష్టముగా కానవచ్చుచున్నది.

అనుమతి పొందిన పిమ్మట వలసినది కాలనియమము. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1908లో బొంబాయిలో 'ఆంధ్రపత్రిక'ను వారపత్రికగా స్థాపించి, 1914లో మదరాసునకు తరలించి దినపత్రికను ప్రారంభించిరి. 1910 నుండి ఉగాది సంచికలను వెలువరించిరి. 1924 జనవరిలో 'భారతి' మాసపత్రిక వెలువడినది. దినపత్రిక ఉదయమును, మాసపత్రిక నెలను, ఉగాది సంచిక సంవత్సరాదిని పాఠకునకు గుర్తుచేయుచుండెను. ఎదురుచూచిన దినమున ఎదురుచూచిన వస్తువు చేతి కందుట వలన కలుగు నమ్మకమును ఎట్టి ప్రకటనయు కలిగింపజాలదు.

వాగ్దానము శక్తికి లోబడి యుండవలెను. విజ్ఞానచంద్రికా మండలికి ప్రాణమైన కొమర్రాజు లక్ష్మణరావు 'ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము'ను అకారాది క్రమమున పూనుకొని, మూడు సంపుటములను ప్రకటించిరి. ఆ మూడును అకారమును దాటలేదు. 1923లో ఆయన మదరాసున మరణించిరి. తరువాత నాగేశ్వరరావు పంతులు ఆ భారమును తలకెత్తుకొని 1930-40 దశకమున కొన్ని సంపుటములను వెలువరించిరి; 1938లో ఆయనయు గతించిరి. ఇరువురి చిత్తశుద్ధిని ఎవరును శంకింపజాలరు. అయినను మొదటి సంపుటమును కొన్న పాఠకునకు కడపటి సంపుటము లభింపలేదు. సద్భావము వేరు, నెరవేర్చు సామర్థ్యము వేరు. నెల కొక్క సంచిక వెలువరింపగలవాడు వారమున కొకటి యని చెప్పరాదు.

పత్రిక ఎవరిదో, ఎవరి ధనముతో నడచుచున్నదో పాఠకునకు తెలియవలెను. 'ఆంధ్రపత్రిక'కు అమృతాంజనపు టాదాయము అండగా నుండెనన్నది బహిరంగ విషయమే. 1867 నాటి ముద్రణ చట్టము ముద్రాపకుని పేరును, ముద్రణస్థలమును అచ్చువేయవలెనని శాసించినది. 1956 నాటి నిబంధనలు పత్రికాస్వామ్య వివరములను ప్రతి సంవత్సరము ఫిబ్రవరి ముగిసిన పిదప వచ్చు సంచికలో ప్రకటింపవలెనని విధించినవి. ఆ పాతచట్టము స్థానమున 2023 నాటి చట్టము 2024 మార్చిలో అమలులోనికి వచ్చినది.

నేటి వార్తాలేఖకు పెక్కు సందర్భములలో చందా లేదు. పాఠకుడు సొమ్మునకు బదులు తన చిరునామాను, తన కాలమును ఇచ్చుచున్నాడు. ఋణము రూపము మారినదే గాని తొలగలేదు. ఒక ప్రయోజనమునకై యిచ్చిన చిరునామాను వేరొకరి కందించుట, అప్పగించిన సొమ్మును అపహరించుట వంటిది. సమ్మతి నిచ్చుట ఎంత సులభమో, దానిని ఉపసంహరించుటయు నంత సులభముగా నుండవలెనని 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము పేర్కొనుచున్నది. 2024లో గూగుల్, యాహూ సంస్థలు భారీగా ప్రచారలేఖలు పంపువారు ఒక్క నొక్కుతో విరమించు వసతి కల్పింపవలెనని నియమించినవి. ఫిర్యాదులు వెయ్యింటికి మూడు కాకుండ చూచుకొనవలెననియు హెచ్చరించినవి. తిరిగివచ్చిన వి.పి. కట్టకు నేటి ప్రతిరూపము ఈ ఫిర్యాదే.

విరమించుటకు ద్వారము తెరచియుంచినచో పాఠకులు తగ్గుదురను భయము సహజము. కాని నిర్బంధమున నిలిచినవాడు పాఠకుడు కాడు. అతడు లేఖను విప్పకయే త్రోసివేయును. నిలిచియుండు స్వేచ్ఛ గలవాని సంఖ్యయే నిజమైన సంఖ్య.

'ఆంధ్రపత్రిక', 'భారతి' 1991లో నిలిచిపోయినవి. ప్రతి యుదయమును తలుపువద్దకు వచ్చి చెన్నపురి తెలుగువారిని ఒక్కటిగా పలకరించిన ఆ గొంతు మరల వినబడలేదు. అట్టి పలకరింపును సంఘములు ఈ-మెయిలు ద్వారా కొనసాగింపదలచినచో, నగరమున తెలుగు చదువరుల సంఖ్య పరిమితమన్న సంగతిని మరువరాదు. ఒక చదువరి విసిగి వైదొలగినచో అతని స్థానమున మరియొకడు దొరకుట దుర్లభము. కావున అడిగి పంపుట, చెప్పిన దినమున పంపుట, శక్తికి మించి చెప్పకుండుట, తామెవరో తెలుపుట, వలదన్నప్పుడు మానుట అను ఐదింటిని నియమములుగా గ్రహింపవలెను. వీనిలో ఏ యొక్కటియు ధనవ్యయమును కోరదు. శ్రద్ధను మాత్రమే కోరును.