తలుపు ఎటు తెరుచుకోవాలి?

ముప్పై అడుగుల పొడవు, అంతే వెడల్పున్న హోటల్ హాలు. బల్లలు, కుర్చీలు వేశారు. దానికి తలుపులెన్ని పెట్టాలి? అవి ఎటు తెరుచుకోవాలి?

గోడల రంగు ఊసే లేదు చూశారా! అమెరికా, కెనడాల్లో ఇంటీరియర్ డిజైనర్లు రాసే ఎన్‌సీఐడీక్యూ పరీక్షలో ఇలాంటి లెక్కలకే ఎక్కువ చెమటోడ్చాలి. కర్టెన్లూ కుషన్లే ఈ వృత్తి అనుకుని దిగినవాళ్లకు చదువు మొదలెట్టిన వారంలోనే తత్వం బోధపడుతుంది.

బల్లలు, కుర్చీలున్న చోట మనిషికి 15 చదరపు అడుగులని అమెరికాలో వాడే బిల్డింగ్ కోడ్ లెక్క. 900ను 15తో భాగిస్తే 60 మంది. 49 దాటారు కాబట్టి బయటికి దారులు రెండుండాలి, తలుపులు బయటికే తెరుచుకోవాలి. రెండూ పక్కపక్కన పెట్టేస్తే కుదరదు. హాలు ఐమూల కొలత 42 అడుగుల పైచిలుకు, అందులో కనీసం సగమైనా ఎడం ఉండాలి. స్ప్రింక్లర్లుంటే మూడో వంతు చాలు.

ఇంత పట్టింపు ఎందుకో తెలియాలంటే బోస్టన్ వెళ్లాలి. 1942 నవంబరు 28 రాత్రి అక్కడి కోకోనట్ గ్రోవ్ నైట్‌క్లబ్బులో నిప్పంటుకుంది. సీలింగుకు కట్టిన బట్ట, కృత్రిమ తాటిచెట్లు... ముచ్చటపడి చేయించిన అలంకారమే మంటను మోసుకెళ్లింది. ముందు గుమ్మంలో గుండ్రంగా తిరిగే తలుపు జనం తోపులాటకు బిగుసుకుపోయింది. లోపలికి తెరుచుకునే తలుపును తోసుకొచ్చిన జనమే తెరవనివ్వలేదు. 492 మంది పోయారు. అందుకే గోడకు అంటించే సరుకు మీద మంట ఎంత వేగంగా పాకుతుందో చెప్పే అంకెను కూడా అభ్యర్థి చదవగలగాలి. సిమెంటు బోర్డుకు 0, రెడ్ ఓక్ చెక్కకు 100 అని పెట్టుకున్న కొలమానం అది. 25 లోపు ఉంటేనే ‘ఏ’ తరగతి.

పరీక్షకు మూడు భాగాలు. మొదటిదైన ఐడీఎఫ్ఎక్స్‌ను డిగ్రీ చివరి ఏడాదిలోనే రాసేయొచ్చు. మిగతా రెంటికీ పని అనుభవం కావాలి, డిగ్రీ ఉన్నవాళ్లకైతే 3,520 గంటలు. మార్కులు 200 నుంచి 800 వరకు, 500 వస్తే గట్టెక్కినట్టే. వాటిలో ఒకటైన ప్రాక్టికమ్‌లో ఒకప్పుడు చేత్తో ప్లాన్లు గీయాల్సి వచ్చేది. ఇప్పుడంతా కంప్యూటర్ తెర మీదే.

మన దగ్గర చదువుకుని అక్కడికి వెళ్లినవాళ్లకు ఇంకో చిక్కుంది. మిల్లీమీటర్ల నుంచి అంగుళాలకు మారడం పెద్ద పనేం కాదు, నాలుగు రోజుల్లో అలవాటైపోతుంది. అసలు తకరారు గడపతో. పసుపు రాసి బొట్లు పెట్టి, తొక్కకూడదని పెద్దవాళ్లు చెప్పిన గడప అక్కడ చక్రాల కుర్చీకి అడ్డు. అమెరికా వికలాంగుల చట్టం ప్రమాణాల్లో దాని ఎత్తు అర అంగుళం దాటకూడదు.

ఆ కుర్చీ గుండ్రంగా తిరగడానికి 60 అంగుళాల వలయం వదలాలి. ఈ అంకెను బట్టీ పట్టేకంటే సుద్దముక్క తీసుకుని ఇంట్లో నేల మీద గీసి చూడటం నయం. మన అపార్ట్‌మెంట్లలో చాలా బాత్రూముల్లో అది గీయడానికే చోటు చాలదు.