‘బర్న్ రేట్’, ‘రన్‌వే’, ‘క్యాక్’: కాలేజీ బిజినెస్ పోటీల భాషను అర్థం చేసుకోవడం ఎలా?

కాలేజీలో ఈ-సెల్ (ఆంత్రప్రెన్యూర్‌షిప్ సెల్) మొదటి మీటింగ్‌కు వెళ్లిన విద్యార్థికి వినిపించే మాటలు ఇలా ఉంటాయి: ‘‘మన టామ్ ఎంత?’’, ‘‘క్యాక్ ఎక్కువైంది’’, ‘‘డెక్‌లో ట్రాక్షన్ స్లైడ్ ఏది?’’ అర్థం అడిగితే చులకనవుతామేమోనని తలూపి ఊరుకునేవారు ఉంటారు. తెలుగు మీడియంలో చదివి వచ్చినవారికి ఈ ఇబ్బంది రెండింతలు. ఐడియా వారిదే అయినా, వేదికెక్కి మాట్లాడే అవకాశం ఆ పదాలు వచ్చినవారికి పోతుంది.

నిజానికి ఈ పదాల్లో చాలావరకు కిరాణా కొట్టు నడిపే ఇంట్లో, పాలు పోసే ఇంట్లో రోజూ వేసుకునే లెక్కలే. పేర్లు మాత్రమే కొత్తవి.

ఈ భాష ఎక్కడిది?

ఐఐటీ బాంబేలో ఈ-సెల్ 1998లో మొదలైంది. అది నిర్వహించే ‘యురేకా’ దేశంలో పేరున్న బిజినెస్ ప్లాన్ పోటీల్లో ఒకటి. 2015లో హైదరాబాద్‌లో టీ-హబ్, 2016లో కేంద్రం స్టార్టప్ ఇండియా ప్రారంభమయ్యాయి. 2018 నుంచి ఉన్నత విద్యాసంస్థల్లో ఇన్నోవేషన్ కౌన్సిళ్లు ఏర్పాటవుతున్నాయి. 2021 డిసెంబరులో మొదలైన ‘షార్క్ ట్యాంక్ ఇండియా’ ఈ మాటలను ఇళ్లలోకీ తెచ్చింది. వీటిలో చాలా పదాలు అమెరికా పెట్టుబడిదారులు, కన్సల్టింగ్ కంపెనీలు వాడుకలోకి తెచ్చినవి.

గిట్టుబాటు లెక్క

ఒక విద్యార్థి బృందం అపార్ట్‌మెంట్లకు దోసె పిండి ప్యాకెట్లు అమ్మాలనుకుందని అనుకుందాం. ప్యాకెట్ ధర రూ. 60. బియ్యం, మినప్పప్పు, ప్యాకింగ్, డెలివరీ కలిపి రూ. 48. మిగిలేది రూ. 12. ఒక్కో ప్యాకెట్‌పై వేసే ఈ లెక్కే ‘యూనిట్ ఎకనామిక్స్’. రైతు భాషలో చెప్పాలంటే గిట్టుబాటు.

కరపత్రాలు, మొదటి ప్యాకెట్‌పై తగ్గింపు వంటివన్నీ కలిపి ఒక కొత్త ఇంటిని ఖాతాదారుగా చేసుకోవడానికి రూ. 80 ఖర్చయిందనుకుందాం. అదే ‘క్యాక్’, అంటే ఒక కొనుగోలుదారును సంపాదించడానికయ్యే ఖర్చు. ఆ ఇల్లు ఏడో ప్యాకెట్ కొంటే గానీ ఆ రూ. 80 వెనక్కి రాదు.

ఒక్కో ఇల్లు సగటున 20 ప్యాకెట్లు కొని మానేస్తే, ఆ ఇంటి వల్ల మిగిలేది రూ. 240. దీన్ని ‘ఎల్‌టీవీ’ అంటారు. ఇది క్యాక్‌కు కనీసం మూడు రెట్లు ఉండాలన్నది పోటీల్లో తరచూ వినిపించే కొండగుర్తు. నాలుగు ప్యాకెట్లకే మానేస్తే మాత్రం వచ్చేది రూ. 48, పోయేది రూ. 80. అప్పుడు ఎన్ని ఇళ్లు పెరిగితే నష్టం అంత పెరుగుతుంది. ‘రిటెన్షన్ ఎంత?’ అని జడ్జీలు అడిగేది అందుకే. పాలవాళ్లు ‘వాడుక నిలబడిందా?’ అనుకునేదీ ఇదే.

మార్కెట్ ఎంత?

‘టామ్’ అంటే మొత్తం మార్కెట్: నగరంలో దోసెలు వేసుకునే ఇళ్లన్నీ. ‘సామ్’ అంటే అందులో ఈ వ్యాపారం అందుకోగలిగేది: పిండి బయట కొనే ఇళ్లు. ‘సోమ్’ అంటే తొలి ఒకటి రెండేళ్లలో నిజంగా దక్కగలిగేది: బృందం స్కూటర్లు వెళ్లగలిగే నాలుగు కాలనీలు. ‘ఇంత పెద్ద మార్కెట్లో ఒక్క శాతం దొరికినా చాలు’ అనడం జడ్జీల దగ్గర తేలిపోయే వాదన. ఆ ఒక్క శాతం ఏ వీధి నుంచి వస్తుందో చెప్పగలగాలి.

డబ్బు ఎన్నాళ్లు, వాటా ఎంత?

బృందం చేతిలో రూ. 1,80,000 ఉన్నాయి. రాబడి పోను నెలకు రూ. 30,000 కరిగిపోతున్నాయి. ఆ కరుగుదలే ‘బర్న్ రేట్’. మిగిలిన ఆరు నెలల గడువే ‘రన్‌వే’.

‘పది శాతం వాటాకు రూ. 10 లక్షలు’ అని అడిగారంటే, పెట్టుబడి వచ్చాక కంపెనీ విలువ రూ. కోటి అని చెప్పినట్లే. ఇది ‘పోస్ట్-మనీ’. పెట్టుబడికి ముందు విలువ రూ. 90 లక్షలు, అది ‘ప్రీ-మనీ’. ఈ తేడా తెలియకుండా వేదిక మీద బేరమాడితే వాటా ఎంత పోతోందో కూడా తెలియదు.

కేసు పోటీల మాటలు

ఇచ్చిన కంపెనీ సమస్యకు పరిష్కారం చెప్పే ‘కేస్ కాంపిటిషన్’ల పరిభాష కొంత వేరు. ‘గెస్టిమేట్’ అంటే తర్కంతో వేసే అంచనా. ఊళ్లో రోజుకు ఎన్ని టీలు అమ్ముడవుతాయో జనాభా నుంచి లెక్కగట్టడం లాంటిది. ‘మీసీ’ అంటే సమస్యను భాగాలుగా విడగొట్టేటప్పుడు ఒకటి రెండుచోట్ల రాకూడదు, ఏదీ వదిలిపోకూడదు అన్న నియమం. మెకిన్సీలో పనిచేసిన బార్బరా మింటో దీన్ని ప్రాచుర్యంలోకి తెచ్చారు.

బట్టీ పడితే చిక్కే

పదం వచ్చినంత మాత్రాన లెక్క వచ్చినట్లు కాదు. ‘మా క్యాక్ తక్కువ’ అన్న విద్యార్థిని ‘ఎంత? ఏవేవి కలిపారు?’ అని జడ్జీ ఒక్క ప్రశ్న వేస్తే గుట్టు బయటపడుతుంది. కాబట్టి నిఘంటువులా నేర్చుకోవడం కన్నా, విన్న ప్రతి మాట పక్కన సొంత ప్రాజెక్టు నుంచి ఒక అంకె రాసుకోవడం మేలు. అంకె దొరకలేదంటే ఆ పదం ఇంకా అర్థం కాలేదని గుర్తు.

బాధ్యత సీనియర్లదీ. సంక్షిప్త పదం వాడినవారే అర్థం చెప్పాలన్న నియమం పెట్టుకుంటే క్లబ్బుకు ఖర్చేమీ లేదు. పాడి నడిచే ఇంటి నుంచి వచ్చిన అమ్మాయికి వాడుక ఎందుకు తెగిపోతుందో క్లబ్బులో అందరికన్నా బాగా తెలిసి ఉండవచ్చు. ‘రిటెన్షన్’ అన్న మాట రాలేదని ఆమె నోరు మెదపకపోతే నష్టపోయేది బృందమే.