వార్తల్లో పదం: బస్తర్ ఒలింపిక్స్

అమెరికన్ ఫుట్‌బాల్‌లో వైడ్ రిసీవరుగా, అనగా విసిరిన బంతి నందుకొను ఆటగాడుగా, తొలియేడు బరిలో దిగు యువకుని 'రూకీ' అందురు. పరుగెత్తుచునే తల త్రిప్పి, వ్రేళ్లకొనలతో బంతి నందుకొను నేర్పు అతనికి శిక్షకుని ఓర్పువలననే అబ్బును. క్రీడలలో అట్టి తొలియడుగు వేయు యువతకు ఛత్తీస్‌గఢ్‌లోని బస్తరు సీమయందు నెలకొన్న వేదికయే బస్తర్ ఒలింపిక్స్. 2024లో ఆరంభమై, 7 జిల్లాల యువతను బ్లాకు, జిల్లా, డివిజను స్థాయిలలో విలువిద్య, కబడ్డీ, ఖో-ఖో, హాకీ మొదలగు 11 క్రీడలయందు పరీక్షించి, డిసెంబరు 15న జగదల్‌పూర్‌లో ముగిసిన ఆ పోటీలలో, ఆయుధములు విడిచిన మాజీ మావోయిస్టులు సైతము 'నువా బాట్', అనగా 'క్రొత్త బాట', పేర పాల్గొనిరి. పోటీ ప్రతిభను చూపును, పెంచునది నిత్యశిక్షణయే. విల్లెత్తిన బాలిక భుజము వణకినపుడు ప్రక్కన నిలిచి మోచేతిని సవరించు గురువు ప్రతి గ్రామమునకును లభించిననాడే ఈ ఉత్సవము సార్థకమగును.