చేతి దురదకు కారణం వంకాయ కాదు!

కొన్నేళ్ళ క్రితం సంగతి. నేను పనిచేసే ప్రభుత్వాసుపత్రికి ఇరవై ఆరేళ్ళ యువకుడొకడు తల్లిని వెంటబెట్టుకుని వచ్చాడు. రెండు చేతులూ వేళ్ళ సందుల్లోనూ, మణికట్ల మీదా ఎర్రగా కందిపోయి, పొలుసులు లేచి, అక్కడక్కడ పగుళ్ళు బారి వున్నాయి. దురదతో రాత్రిళ్ళు నిద్ర లేదు.

"వంకాయ మాన్పించానండీ, గోంగూర మాన్పించాను. చేపలు ఇంట్లోకే రానివ్వడం లేదు. అయినా తగ్గడం లేదు డాక్టరుగారూ" అంది ఆ తల్లి. పెళ్ళిసంబంధాలు చూస్తున్నారట. పిల్లవాడి చేతులు చూసి, అంటువ్యాధేమోనన్న అనుమానంతో ఒక సంబంధంవారు మళ్ళీ కబురు చేయలేదట. ఆమె బాధంతా అదే.

ఆ రోజు ఓ.పి.లో రోగులు బారులు తీరి వున్నారు. చేతులు చూశాను, తామర అనుకున్నాను, పూతమందు రాసి పంపాను. రెండు వారాలకు మళ్ళీ వచ్చాడు. మందు మార్చాను. మూడోసారి వచ్చినప్పుడు అతనే ఒక మాట అన్నాడు. "సంక్రాంతికి వారం రోజులు ఊరు వెళితే మందు రాయకుండానే సగం తగ్గింది సార్. డ్యూటీలో చేరిన మూడో రోజుకే మళ్ళీ మొదలైంది."

మొదటి రోజే అడగవలసిన ప్రశ్న అప్పుడడిగాను. "నువ్వేం పని చేస్తావు బాబూ?"

జీడిమెట్లలో ఒక కర్మాగారంలో సి.ఎన్.సి. మెషిను ఆపరేటరునని చెప్పాడు. ఇటలీ దేశపు వైద్యుడు రామజ్జీని 1700వ సంవత్సరంలో వృత్తి వ్యాధుల గురించి గ్రంథం రాస్తూ, రోగిని అడిగే ప్రశ్నల్లో "నీ వృత్తి ఏమిటి?" అన్నది కూడా చేర్చమని వైద్యులకు చెప్పాడు. మూడువందల ఏళ్ళు దాటినా, నాకది మూడోసారికి గాని గుర్తుకు రాలేదు. ఆ పిల్లవాడు రెండు నెలలు అనవసరంగా బాధపడ్డాడు. అందుకే ఈ వ్యాసం.

ఏమిటీ ఉద్యోగం?

వెనుకటి రోజుల్లో లేతు మెషిను మీద పనివాడు చేతిచక్రం తిప్పుతూ ఇనుమును చెక్కేవాడు. ఇప్పుడా చక్రం తిప్పే పని కంప్యూటరు చేస్తుంది. అంకెలతో నడిచే ఇటువంటి యంత్రాన్ని మొదట 1952లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ప్రదర్శించారు. నేడు హైదరాబాదులో బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి ప్రాంతాల్లోనూ, ఇతర పట్టణాల పారిశ్రామికవాడల్లోనూ ఐ.టి.ఐ., డిప్లొమా చదివిన మన పిల్లలు వీటిని నడుపుతున్నారు. పూనా, బెంగుళూరు, హోసూరు వెళ్ళి పనిచేసేవారూ వున్నారు.

"మావాడిది కంప్యూటరు ఉద్యోగం" అని తల్లిదండ్రులు సంతోషిస్తారు. నిజమే, మంచి ఉద్యోగమే. కాని ఇది చల్లని గదిలో కుర్చీలో కూర్చుని చేసేది కాదు. జాబ్ బిగించాలి, తలుపు మూసి బటను నొక్కాలి, మెషిను చెక్కడం పూర్తికాగానే తీసి, తుడిచి, కొలిచి, మళ్ళీ కొత్తది బిగించాలి. షిఫ్టంతా నిలబడే వుండాలి. లోపల టూలు మీద పాలలాంటి ద్రవం ధారగా పడుతూ వుంటుంది. బయటికి తీసే ప్రతి జాబూ ఆ ద్రవంలో తడిసి వుంటుంది. రోజుకు కొన్ని వందలసార్లు చేతులు తడుస్తాయి.

ఆ తెల్లని నీళ్ళలో ఏముంది?

దాన్ని కూలెంటు అంటారు. సాధారణంగా నూరు పాళ్ళలో అయిదు నుంచి పది పాళ్ళ వరకు ప్రత్యేకమైన నూనె, మిగతాది నీరు. నూనె నీటిలో కలవడానికి సబ్బువంటి పదార్థాలు, తుప్పు పట్టకుండా కొన్ని రసాయనాలు, సూక్ష్మజీవులు పెరగకుండా మరికొన్ని కలుపుతారు. టూలు వేడెక్కకుండా, లోహం నున్నగా తెగడానికి ఇది అవసరం.

మన చర్మం పైపొర కొద్దిగా ఆమ్లగుణం కలది. కూలెంటుది క్షారగుణం. ఇది పదే పదే తగిలితే చర్మంలో సహజంగా వుండే జిడ్డు కొట్టుకుపోతుంది. సన్నని లోహపు చిప్సు కంటికి కనపడని గీతలు పెడతాయి. ముందు చర్మం పొడిబారుతుంది, తరువాత ఎర్రబడుతుంది, చివరికి పగులుతుంది. దీన్ని రాపిడి వల్ల, రసాయనాల వల్ల వచ్చే చర్మశోథ అంటాము. ఇది అంటువ్యాధి కాదు. ఒకే కంచంలో తిన్నా, చేయి పట్టుకున్నా ఎవరికీ అంటుకోదు.

కొందరికి మాత్రం కూలెంటులోని సూక్ష్మజీవుల నివారణ మందులకో, లోహాల నుంచి కరిగే నికెలు, క్రోమియం, కోబాల్టులకో ఎలర్జీ ఏర్పడుతుంది. ఇది ఒకసారి వస్తే కొద్దిపాటి తాకిడికే తిరగబెడుతుంది. వీపు మీద పట్టీలు అంటించి చేసే 'పాచ్ టెస్టు' ద్వారా దేనివల్ల వచ్చిందో కనుక్కోవచ్చు.

మన కుర్రవాడి విషయంలో తేలిందేమిటంటే, వాళ్ళ షాపులో కూలెంటు బలం కొలిచి చాలాకాలమైంది. నీరు ఆవిరైపోతే, చిక్కగా వుంటే మంచిదేనని నూనె పోస్తూ వచ్చారు. నేను రాసిచ్చిన చీటీ చూసి ఫోర్‌మన్ రిఫ్రాక్టోమీటరుతో కొలిపిస్తే, వుండవలసిన దానికి రెట్టింపు పైగా వుందట. దాన్ని సరిచేశారు. కుర్రవాణ్ణి మూడు వారాలు ఇన్‌స్పెక్షను పనిలో వేశారు. తగిన పూతమందు, చర్మానికి జిడ్డునిచ్చే క్రీము వాడాడు. ఆరు వారాల్లో చేతులు బాగుపడ్డాయి.

చేతులు కాపాడుకోవడం ఎలా?

టిఫినుకు ముందు, షిఫ్టు అయ్యాక మెత్తని సబ్బుతో కడుక్కుని, వేళ్ళ సందులు బాగా తుడుచుకోవాలి. కిరసనాయిలు, పెట్రోలు, థిన్నరులతో చేతులు కడగడం, రంపపు పొట్టుతో రుద్దడం చర్మాన్ని మరింత పాడుచేస్తాయి. ఇంటికి వచ్చాక వాజిలైను గాని కొబ్బరినూనె గాని రాసుకోవడం మంచి అలవాటు.

తడి జాబ్‌లు పట్టుకునేటప్పుడు నైట్రైలు తొడుగులు మేలు. కాని తిరిగే భాగాల దగ్గర ఏ రకం తొడుగూ వేసుకోరాదు. తొడుగు చిక్కుకుంటే చేతిని కూడా లోపలికి లాగేస్తుంది. ఉంగరాలు, చేతి గొలుసులు, తాయెత్తులు తీసి పెట్టాకనే పనిలోకి వెళ్ళాలి. చిప్సు బ్లేడుల్లా కోస్తాయి. వాటిని కొక్కెంతోనో బ్రష్షుతోనో లాగాలి, చేత్తో కాదు.

నూనె గుడ్డను పాంటు జేబులో దోపుకునే అలవాటు మానాలి. నూనె తొడలకు ఇంకి, వెంట్రుకల మూలాల్లో కురుపులు లేస్తాయి. పూర్వం ఇంగ్లండు నూలు మిల్లుల్లో సరిగా శుద్ధిచేయని ఖనిజ తైలాలు బట్టల్లో ఇంకడం వల్ల కార్మికులకు బీజకోశాల తిత్తిపై కేన్సరు వచ్చేది. నేటి నూనెలు బాగా శుద్ధి చేసినవి గనుక ఆ భయం చాలా తగ్గింది. అయినా నూనెబట్టలతో గంటల తరబడి వుండడం క్షేమం కాదు.

ఇంటి ఇల్లాలికి ఒక మాట. డ్యూటీ బట్టలు విడిగా ఉతకండి. పసిపిల్లల బట్టలతో కలిపి నానబెట్టవద్దు.

దగ్గు వుంటే?

వేగంగా తిరిగే టూలు మీద పడిన కూలెంటు సన్నని మంచుగా లేస్తుంది. మెషిను ఆగీ ఆగగానే తలుపు తీస్తే అది నేరుగా ముఖానికి కొడుతుంది. కొన్ని క్షణాలు ఆగి తలుపు తీయాలి. పాతబడిన కూలెంటులో సూక్ష్మజీవులు పెరుగుతాయి. సెలవు తరువాత మెషిను వద్ద కుళ్ళిన వాసన వస్తే అదే కారణం. 2003-2004లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో ఒక కారు ఇంజన్ల ఫ్యాక్టరీలో ఈ మంచును పీల్చినందువల్ల ఎనభై మందికి పైగా కార్మికులకు ఉబ్బసం, ఊపిరితిత్తుల వాపు వంటి జబ్బులు వచ్చాయి.

పనిరోజుల్లో దగ్గు, పిల్లికూతలు, ఆయాసం, సాయంత్రం జ్వరం వచ్చి, సెలవుల్లో తగ్గుతూ వుంటే దాన్ని మామూలు జలుబుగా కొట్టిపారేయకండి. డాక్టరుకు చూపించండి. సిగరెట్టు తాగేవారు మానడం ఎంతైనా అవసరం.

కన్ను, చెవి

కంట్లో చిప్పు పడితే నలపవద్దు. స్నేహితుడి చేత గుడ్డకొసతో తీయించుకోవద్దు. శుభ్రమైన నీటితో కడిగి, కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళండి. వేగంగా వచ్చి తగిలిన ముక్క నొప్పి లేకుండానే కనుగుడ్డు లోపలికి దూరివుండవచ్చు. ఎప్పుడైనా కంట్లో లోహం పడినవారు, ఎం.ఆర్.ఐ. స్కానింగు చేయించుకోవలసి వస్తే ఆ సంగతి ముందే చెప్పాలి. అక్కడి అయస్కాంతం ఆ ముక్కను కదిలిస్తే చూపు పోవచ్చు.

చేయి చాపినంత దూరంలో వున్న మనిషితో అరచి మాట్లాడవలసి వస్తే ఆ చోట చప్పుడు హద్దు మీరినట్టే. రోజుకు ఎనిమిది గంటలు 85 డెసిబెల్సుకు మించిన శబ్దంలో ఏళ్ళ తరబడి వుంటే వినికిడి తగ్గుతుంది. అలా పోయిన వినికిడి మందులతో తిరిగి రాదు. చెవిలో దూది పెట్టుకుంటే చాలదు. ఇయర్ ప్లగ్గులే వాడాలి.

గాలిగొట్టంతో ఒంటిమీది దుమ్ము ఊదుకోవడం చాలామందికి అలవాటు. అది చిప్సును చర్మంలోకి, కళ్ళలోకి కొడుతుంది. వేళాకోళానికి తోటివాడి ఒంటికి గాలిగొట్టం పెట్టగా పేగులు చిరిగి ప్రాణాల మీదికి వచ్చిన ఉదంతాలున్నాయి.

రాత్రి షిఫ్టు

ఖరీదైన మెషిను గనుక యజమాని దాన్ని రాత్రీ పగలూ నడుపుతాడు. రాత్రి పనిచేసి వచ్చినవాడికి పగటినిద్ర మందుతో సమానం. కిటికీలకు దళసరి తెరలు కట్టండి, టీ.వీ. తగ్గించండి, రేషనుకో కరెంటు బిల్లుకో మధ్యలో లేపకండి. షిఫ్టు చివరి గంటల్లో టీ తాగకపోవడం మంచిది. తెల్లవారుజామున నిద్రమత్తులో మోటారుసైకిలు నడపడం మెషినుకన్నా ప్రమాదం. వీలైతే బస్సులో రావాలి. నిలబడి పనిచేసేవారు కాళ్ళకింద రబ్బరు చాప వేయించుకుని, ఒక్కో కాలు మార్చి మార్చి చిన్న పీట మీద పెడుతూ వుంటే నడుంనొప్పి తగ్గుతుంది.

చివరిగా

చేతులు దురద పెడితే మందుల షాపులో అడిగి ట్యూబు కొనకండి. వాటిలో చాలావాటిలో స్టీరాయిడ్ వుంటుంది. నాలుగురోజులు హాయిగా వుండి, చర్మం పలచబడి, జబ్బు మొండికెత్తుతుంది. ఇ.ఎస్.ఐ. కార్డు వున్నవారు డిస్పెన్సరీకి వెళ్ళి తమ పని వివరాలు చెప్పి రాయించుకోవాలి. కూలెంటు డబ్బామీది పేరు రాసుకుని వెళితే మరీ మంచిది. ఉద్యోగం పోతుందని దాచవద్దు. పెందలాడే చెబితే చిన్న మార్పుతో పోతుంది. ఎలర్జీ ముదిరాక చెబితే అప్పుడు నిజంగానే ఆ ఉద్యోగం మానుకోవలసి రావచ్చు.

ఆ కుర్రవాడి తల్లి చివరిసారి వచ్చినప్పుడు ఒకే ప్రశ్న అడిగింది. "ఇక వంకాయ పెట్టవచ్చునా డాక్టరుగారూ?"

"నిరభ్యంతరంగా పెట్టండమ్మా. మొదట మానిపించవలసిన పనే లేదు" అన్నాను. పెళ్ళివారికి చూపించడానికి 'ఇది అంటువ్యాధి కాదు' అని ఒక కాగితం మీద రాసివ్వమంది. రాసి సంతకం పెట్టి ఇచ్చాను.

మీ ఇంట్లో ఎవరికి జబ్బు చేసినా, డాక్టరు అడగడం మరచిపోతే మీరే చెప్పండి, ఆ మనిషి ఏం పని చేస్తాడో.