ఆటోలో ఫ్యూజ్ పోయిందా? కొత్తది పెట్టే ముందు ఇది చూడండి

ఇవాళ్టి టాపిక్ ఆటోలో ఉండే ఫ్యూజ్ బాక్స్. అది ఎక్కడుంటుంది, ఎలా ఓపెన్ చేయాలి, ఏ ఫ్యూజ్ పోయిందో ఎలా కనిపెట్టాలి, పోయిన ఫ్యూజ్ ప్లేస్‌లో ఏం పెట్టకూడదు, ఇవన్నీ చూద్దాం. మీ ఇంట్లో నాన్నగారో, అన్నయ్యో, బాబాయో ఆటో నడుపుతుంటే వాళ్లకి కూడా ఇది చూపించండి. సాయంత్రం హెడ్‌లైట్ ఆగిపోయిందంటే ఆ రాత్రి కిరాయిలు పోయినట్టే కదా.

ముందు ఒక విషయం క్లియర్ చేసుకుందాం. ఫ్యూజ్ ఉన్నది బల్బుని కాపాడటానికి అని చాలామంది అనుకుంటారు. కాదు, అది వైరుని కాపాడుతుంది. వైరు మోయగలిగిన దానికంటే ఎక్కువ కరెంటు వస్తే, వైరు కాలేలోపే ఫ్యూజ్‌లోని సన్నటి రేకు కరిగి తెగిపోతుంది. కొద్ది రూపాయల ఫ్యూజ్ పోయి బండి మొత్తాన్ని నిలబెడుతుందన్నమాట.

నేను కొన్నేళ్లు సాఫ్ట్‌వేర్‌లో పనిచేశాను కాబట్టి నా భాషలో చెప్తాను. ఫ్యూజ్ పోవడం అంటే బండి మనకి పంపిన ఎర్రర్ మెసేజ్. మెసేజ్ కనపడకుండా చేసినంత మాత్రాన ప్రోగ్రామ్‌లో తప్పు పోదు. ఇక్కడా అంతే.

ఇప్పుడు పనిలోకి వెళ్దాం. తాళం ఆఫ్ చేసి తీసేయండి. గ్యాస్ ఆటో అయితే ముందు వాసన చూడండి. గ్యాస్ వాసన వస్తుంటే ఏ స్విచ్చూ ముట్టుకోకండి, ఏ వైరూ కదపకండి. సిలిండర్ వాల్వ్ కట్టేసి, బండి దిగి దూరంగా వచ్చి మెకానిక్‌ని పిలవండి. వాసన లేదనుకుంటేనే ముందుకెళ్లండి.

ఫ్యూజ్ బాక్స్ మోడల్‌ని బట్టి మారుతుంది. బ్యాటరీ పక్కనో, డ్రైవర్ సీటు కిందో, హ్యాండిల్ దగ్గర డ్యాష్‌బోర్డు లోపలో చూడండి. బండితో వచ్చిన పుస్తకంలో బొమ్మ ఉంటుంది. పుస్తకం లేదా? బ్యాటరీ ప్లస్ దగ్గర మొదలుపెట్టండి. అక్కడి నుంచి లావు వైరు సెల్ఫ్ మోటార్ వైపు వెళ్తుంది. సన్న వైరు వెంట వెళ్తే మామూలుగా మెయిన్ ఫ్యూజ్ తగులుతుంది. బాక్స్ మూత తీశాక లోపలి వైపు చూడండి, ఏది దేనికో చాలా బళ్లలో అక్కడే రాసి ఉంటుంది. ఏదైనా పీకే ముందు ఫోన్‌తో ఒక ఫోటో తీసుకోండి. ఏది ఎక్కడుందో తర్వాత తడుముకోనక్కర్లేదు.

ఇప్పటి బళ్లలో ఎక్కువగా రెండు కాళ్ల ప్లాస్టిక్ ఫ్యూజులు ఉంటాయి. పాత ఆటోల్లో గాజు గొట్టం లాంటివి ఉంటాయి. ప్లాస్టిక్ వాటిలో రంగే నంబరు: గోధుమ రంగు 7.5, ఎరుపు 10, నీలం 15, పసుపు 20, ఆకుపచ్చ 30 ఆంపియర్లు. నంబరు పైన కూడా ఉంటుంది. తిన్నగా పైకి లాగి వెలుతురులో పెట్టి చూడండి. లోపలి రేకు తెగినా, నల్లగా మాడినా పోయినట్టే.

కంటికి తెలియకపోతే మల్టీమీటర్ వాడండి. ఫ్యూజ్ పీకాల్సిన పని కూడా లేదు. తాళం ఆన్ చేసి, మీటర్‌ని డీసీ 20 వోల్టుల మీద పెట్టండి. నల్ల తీగ బ్యాటరీ మైనస్‌కి, ఎర్ర తీగ ఫ్యూజ్ నెత్తిన కనిపించే రెండు చిన్న లోహపు చుక్కలకి ఒకదాని తర్వాత ఒకటి ఆనించండి. రెండు చోట్లా 12 వోల్టుల దగ్గర చూపిస్తే ఫ్యూజ్ బాగుంది. ఒకవైపు 12, రెండో వైపు సున్నా అంటే పోయింది. రెండూ సున్నా అంటే కరెంటు అసలు అక్కడిదాకా రావట్లేదు, మెయిన్ ఫ్యూజ్, తాళం, బ్యాటరీ చూడాలి. ఫ్యూజ్ బాగుండి కూడా లైటు రాకపోతే అది కూర్చునే క్లిప్పు వదులైందేమో, వానకి పచ్చగా చిలుం పట్టిందేమో చూడండి.

ఇక అసలు పాయింట్. ఎంత నంబరు పోయిందో అంతే పెట్టాలి. 10 పోయిన చోట 20 పెట్టడం, సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టడం, రాగి తీగ మెలేయడం, ఇవన్నీ ఒకటే. లైటు వెలుగుతుంది, కానీ ఇప్పుడు ముందు కాలేది వైరు. వైరు పక్కన ఇంకో పది వైర్లు, దగ్గర్లో ట్యాంకు, వెనక సీట్లో స్కూలు పిల్లలు.

మరి ఎందుకు పోయింది? పెట్టగానే టప్‌మని పోతే ఎక్కడో షార్ట్ ఉంది. బ్రేకు తొక్కినప్పుడే పోతే బ్రేక్ లైట్ లైన్ చూడండి. గుంతల్లో కుదుపుకి పోతే వైరు ఎక్కడో బాడీకి రాసుకుంటోంది. హ్యాండిల్ తిరిగేచోట వైర్లు నలుగుతాయి, ముందు అక్కడ వెతకండి. కొన్ని రోజులు బాగానే ఉండి పోతే లోడ్ ఎక్కువైందేమో లెక్కేయండి. వాట్లని 12తో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. 35 వాట్ల హెడ్‌లైట్ దాదాపు 3 ఆంపియర్లు తింటుంది. అదే లైనుకి 60 వాట్ల ఆంప్లిఫైయర్ తగిలిస్తే ఇంకో 5. హారన్, ఇండికేటర్లు కూడా అదే 10 ఆంపియర్ల ఫ్యూజ్ మీదుంటే ఇక మిగిలేదేముంది? పాటలకీ, ఛార్జర్‌కీ వేరే లైను, వేరే ఫ్యూజ్ వేయించండి.

షార్ట్ వెతకడానికి ఫ్యూజులు తగలెయ్యకండి. ఫ్యూజ్ ప్లేస్‌లో పాత 12 వోల్టుల హెడ్‌లైట్ బల్బు కలపండి. షార్ట్ ఉంటే అది ఫుల్‌గా వెలుగుతుంది. ఆ లైనులో కనెక్టర్లు ఒక్కోటీ విప్పుతూ రండి. ఏది విప్పగానే బల్బు ఆరుతుందో తప్పు ఆ వైపుంది. కోడ్‌లో బగ్ వెతికేది కూడా ఇలాగే, ఒక్కో ముక్క పక్కన పెట్టుకుంటూ.

ఎలక్ట్రిక్ ఆటో ఉన్నవాళ్లు మాత్రం లైట్లు, హారన్ ఉండే 12 వోల్టుల వైపే చూసుకోండి. మోటార్‌ని నడిపే పెద్ద బ్యాటరీ జోలికి వెళ్లకండి, అది కంపెనీ టెక్నీషియన్ పని. మామూలు ఆటోలో కూడా కొత్త ఫ్యూజ్ రెండోసారి పోయి, కారణం దొరక్కపోతే ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లండి. ఏం చేస్తుంటే పోయిందో ఆయనకి చెప్పండి, సగం వెతుకులాట తగ్గుతుంది.

మీ బండిలో ఏయే నంబర్లున్నాయో చూసి ఒక్కోటి రెండేసి స్పేర్ కొని పెట్టెలో పడేయండి. మీ ఆటోలో ఇప్పటికే వెండి కాగితం చుట్టి ఉందా? ఇవాళే మూత తీసి చూడండి, ఏం కనిపించిందో కామెంట్‌లో రాయండి. మళ్లీ కలుద్దాం.