ఇంటి కంప్యూటర్‌కు ఏ హార్డ్ డిస్క్? ముందు కనెక్షన్ చూడండి



పిల్లల చదువు కోసం పాత కంప్యూటర్ కొంటాం. కొన్నాళ్ళకు అది నెమ్మదిస్తుంది. హార్డ్ డిస్క్ మార్చాలని బజారుకు వెళ్తాం. తెచ్చిన డిస్క్ మన మదర్‌బోర్డుకు పట్టకపోతే కష్టపడి సంపాదించిన డబ్బు వృథా. అందుకే డిస్క్‌ను కంప్యూటర్‌కు కలిపే పద్ధతులు ముందే తెలుసుకుందాం.

1. ఐడీఈ: రిబ్బన్‌లాంటి వెడల్పాటి కేబుల్, డిస్క్‌కు 40 పిన్నుల సాకెట్ ఉంటుంది. వేగం ఎక్కువలో ఎక్కువ సెకనుకు 133 మెగాబైట్లు. ఇది పాతకాలం పద్ధతి. ఇప్పుడు దీనికోసం కొత్తగా ఖర్చు పెట్టకండి.

2. సాటా: 2003 నుంచి వాడుకలోకి వచ్చింది. కేబుల్ సన్నగా ఉంటుంది, ఒక్కో డిస్క్‌కు ఒక్కో కేబుల్. మొదటి తరం వేగం సెకనుకు 150 మెగాబైట్లు, రెండోది 300, మూడోది 600. కొత్త తరం డిస్క్ పాత సాకెట్‌లో కూడా సాధారణంగా నడుస్తుంది, కాకపోతే పాత వేగంతోనే.

3. ఎన్‌వీఎంఈ: కేబులే ఉండదు. చిన్న పట్టీలాంటి ఎస్‌ఎస్‌డీని మదర్‌బోర్డు మీదున్న ఎం.2 సాకెట్‌లో పెట్టి స్క్రూ బిగిస్తారు. వేగం సెకనుకు 3,000 మెగాబైట్లు దాటవచ్చు. కానీ జాగ్రత్త! కొన్ని ఎం.2 సాకెట్లు సాటా రకాన్ని మాత్రమే తీసుకుంటాయి.

4. యూఎస్‌బీ: బయట నుంచి తగిలించేది. 10 గిగాబైట్ల ఫైళ్ళు కాపీ చేయడానికి యూఎస్‌బీ 2.0లో సుమారు ఐదు నిమిషాలు పడితే, 3.0లో రెండు నిమిషాల్లో అయిపోవచ్చు. 3.0 సాకెట్ లోపల తరచుగా నీలం రంగు కనిపిస్తుంది.

మరి ఏది కొనాలి? మన పేటవాళ్ళకు మగ్గం లెక్క చెబితే ఇట్టే అర్థమవుతుంది. కార్ఖానా గేటు ఎంత వెడల్పు చేసినా, మగ్గం నేసినంత బట్టే బయటికొస్తుంది. కనెక్షన్ అంటే గేటు, డిస్క్ అంటే మగ్గం. లోపల పళ్ళాలు తిరిగే హార్డ్ డిస్క్ సెకనుకు 100 నుంచి 200 మెగాబైట్లే ఇస్తుంది. దానికి 600 గేటు ఉన్నా లాభం లేదు. అదే సాటా కేబుల్‌కు ఎస్‌ఎస్‌డీ పెడితే 500 దాకా వస్తుంది. కంప్యూటర్ ఆన్ అవడంలోనే తేడా తెలిసిపోతుంది. చదువుకు, టైపింగుకు, చద్దర్ల డిజైన్ ఫైళ్ళకు ఇది చాలు. ఎన్‌వీఎంఈ సాకెట్ లేదని కంప్యూటర్ మొత్తం మార్చనక్కర్లేదు.

కొనేముందు కంప్యూటర్ మూత తీసి సాకెట్లను ఫోటో తీసుకోండి. మదర్‌బోర్డు మీదున్న మోడల్ నంబర్ రాసుకోండి. రెండూ షాపులో చూపించి అడగండి.

పాత ఐడీఈ డిస్క్ ఉంటే మాత్రం పారేయకండి. అందులో పెళ్ళి ఫోటోలు, డిజైన్లు ఉండొచ్చు. డిస్క్ బాగుంటే, ఐడీఈ నుంచి యూఎస్‌బీకి కలిపే అడాప్టర్‌తో వాటిని బయటికి తీయవచ్చు. తీసినవి రెండుచోట్ల దాచండి. డిస్క్ పోతే మరొకటి కొనుక్కోవచ్చు, అందులోని ఫోటోలు ఏ బజారులోనూ దొరకవు.

— ప్రధానోపాధ్యాయులు