రెండవ అంకెకు గల విలువ

శాసన మండలి ఎన్నికల ఫలితములు రేడియోలో చెప్పుచున్నపుడు చాల యిండ్లలో ఒక సందేహము పుట్టుచుండును. "మొదటి ప్రాధాన్యపు ఓట్లలో ఫలానా అభ్యర్థి ముందున్నారు. కోటా ఎవరికిని రాలేదు. రెండవ ప్రాధాన్యపు ఓట్ల లెక్కింపు సాగుచున్నది" అని వార్త. అందరికంటె ముందున్నవాడు గెలిచినట్లే కదా, ఇంక లెక్కించుట కేమి మిగిలినదని తాతగారు అడుగుదురు. పట్టభద్రుడైన మనుమడు ఓటు వేసి వచ్చినవాడే అయినను సరిగా చెప్పలేక, "అది వేరే పద్ధతిలెండి తాతగారూ" అని తప్పించుకొనును. ఆ వేరే పద్ధతి యెట్టిదో, దానివలన మేలెంతయో, చిక్కులేమో ఈ ప్రసంగమున మేము చెప్పదలచితిమి.

ముందుగా ఒక ఇంటి లెక్క చూతము. చీపురుపల్లిలో తొమ్మండుగురున్న కుటుంబ మొకటి కార్తికమాసపు ఆదివారమునాడు ఎక్కడికైనను పోవలెనని తలచినదనుకొందము. నలుగురు అరసవల్లి అనిరి. ముగ్గురు రామతీర్థ మనిరి. పిల్లలిద్దరు భీమునిపట్నపు సముద్రతీర మనిరి. మామూలు లెక్కలో నలుగురి మాట నెగ్గును, అరసవల్లికే ప్రయాణము. కాని తొమ్మండుగురిలో ఐదుగురికి అది మొదటి కోరిక కాదు. అపుడు ఇంటి పెద్ద, "పిల్లల వైపు ఇద్దరే యున్నారు గనుక సముద్రమును పక్కన పెట్టుదము. ఒరే, అది లేకున్న మీరెక్కడికి వచ్చెదరు?" అని అడుగును. కొండ యెక్కవచ్చును గదా యని పిల్లలు రామతీర్థ మందురు. ఇపుడు రామతీర్థమునకు ఐదు, అరసవల్లికి నాలుగు. ప్రాధాన్యపు ఓటులోని సారమంతయు ఇంతే. పిల్లలను మరల అడుగ నక్కరలేకుండ, ముందుగనే అందరిచేత చీటీమీద 1, 2, 3 అని వ్రాయించుకొనుట యొక్కటే భేదము.

మన ప్రాంతమున ఈ చీటీ ఎవరి చేతికి వచ్చును? రాజ్యాంగము 171వ అధికరణము ననుసరించి శాసన మండలి సభ్యులలో పండ్రెండవ వంతును పట్టభద్రులు, మరియొక పండ్రెండవ వంతును ఉపాధ్యాయులు ఎన్నుకొందురు. ఆంధ్రప్రదేశ్ మండలి 1958 జూలై 1న ఏర్పడి, 1985లో రద్దయి, 2007లో మరల వచ్చినది. శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్నము అను పాత జిల్లాలు మూడును కలిపి పట్టభద్రుల కొక స్థానము, ఉపాధ్యాయుల కొక స్థానము కలవు. 2022లో ఆ మూడు జిల్లాలు ఆరైనను ఈ కూర్పు మారలేదు. ఇచ్ఛాపురము మొదలు పాయకరావుపేట వరకు గల తీరమంతయు, పార్వతీపురము, పాడేరు కొండలును ఒక్క స్థానము క్రిందివే.

2023 మార్చి 13న జరిగిన పట్టభద్రుల ఎన్నికను తీసికొందము. పోలైన ఓట్లు 2,01,335. వానిలో 12,318 చెల్లలేదు. చెల్లినవి 1,89,017. ఈ సంఖ్యను సగము చేసి, భిన్నమును విడిచి, ఒకటి కలిపినచో 94,509 వచ్చును. కోటా యనగా ఇదియే. శ్రీ వేపాడ చిరంజీవిరావుకు మొదటి ప్రాధాన్యపు ఓట్లు 82,958 వచ్చెను. ఆయన వెనుకనున్న అభ్యర్థికి 55,749 మాత్రమే. శాసనసభ ఎన్నికయైనచో అప్పుడే హారములు వేసియుందురు. కాని కోటాకు 11,551 తక్కువ. అందుచేత అట్టడుగున నున్నవారిని ఒక్కొక్కరిని తొలగించుచు, వారి చీటీలను తరువాతి అంకె ఎవరికున్నదో వారికి పంచుచు పోయిరి. అభ్యర్థులు ముప్పదిమందికి పైగా నుండుటచేత పంపకము చాల తడవులు సాగినది. తుదకు చిరంజీవిరావు ఎన్నికైరి.

ఇక్కడ ఒక మాట స్పష్టముగా చెప్పవలెను. "రెండవ ప్రాధాన్యపు లెక్కింపు" అనగానే అందరి చీటీలలోని రెండవ అంకెలను కూడ కూడుదురని చాలమంది తలంతురు. అది పొరబాటు. పోటీనుండి తొలగిన అభ్యర్థి చీటీలనే మరల విప్పుదురు. మీరు 1 వేసిన అభ్యర్థి పోటీలో నున్నంతకాలము మీ 2ను ఎవ్వరును చూడరు. కాబట్టి రెండవవానికి అంకె వేసినచో మొదటివానికి నష్టము కలుగునను భయము నిరాధారము. అట్లయ్యును ఆ భయమును కొన్ని ప్రచారములలో పనిగట్టుకొని పెంచుచుందురు.

ముందున్నవారే తుదకు గెలిచిన యెడల ఇంత శ్రమ యెందుకని తాతగారు అడుగవచ్చును. ఆ 2023 మార్చిలోనే కడప, అనంతపురము, కర్నూలు పట్టభద్రుల స్థానములో శ్రీ వెన్నపూస రవీంద్రారెడ్డికి మొదటి ప్రాధాన్యపు ఓట్లు 95,969, శ్రీ భూమిరెడ్డి రాంగోపాల్‌రెడ్డికి 94,149 వచ్చెను. చీటీలు పంచిన పిమ్మట లెక్క తారుమారైనది. రాంగోపాల్‌రెడ్డి 1,09,781, రవీంద్రారెడ్డి 1,02,238. మొదట 1,820 వెనుకబడినవారు తుదకు 7,543 ఆధిక్యముతో గెలిచిరి. మన ఇంటి లెక్కలో రామతీర్థము గెలిచిన తీరే యిది.

లెక్క పద్ధతి మారిన ఫలము మారుననుటకు మన నేలకు సంబంధించిన పెద్ద కథ యొకటి కలదు. బరంపురమున జన్మించిన శ్రీ వరాహగిరి వేంకటగిరి 1937లో బొబ్బిలి స్థానమున బొబ్బిలి రాజానే ఓడించి మద్రాసు శాసనసభకు వెళ్లిరి. 1952లో పాతపట్నమునుండి లోక్‌సభకు ఎన్నికైరి. 1957లో పార్వతీపురమున నిలిచిరి. అది ద్విసభ్య నియోజకవర్గము. ఒక స్థానము గిరిజనులకు ప్రత్యేకింపబడినది, ఒకటి సాధారణము. ప్రతి ఓటరునకు రెండు ఓట్లు. అవి 1, 2 అని వరుస గలవి కావు, రెండును సమానమే. లెక్క తేలునప్పటికి గిరిజన అభ్యర్థులిద్దరు గిరిగారికంటె ముందుండిరి. ఒకరు ప్రత్యేక స్థానమునకు, రెండవవారగు శ్రీ డిప్పల సూరిదొర సాధారణ స్థానమునకు ఎన్నికైనట్లు ప్రకటించిరి. గిరిగారు న్యాయస్థానములకు ఎక్కిరి. గిరిజనుడైనంతమాత్రమున సాధారణ స్థానమునకు అనర్హుడు కాడని 1959లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. ఆ తీర్పు న్యాయమైనదనియే మా అభిప్రాయము. ద్విసభ్య నియోజకవర్గములు 1961లో చట్టముచేతనే రద్దయినవి.

పన్నెండేండ్లు గడచెను. 1969 మే 3న రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ మరణించిరి. రాష్ట్రపతి ఎన్నిక రాజ్యాంగము ప్రకారము ప్రాధాన్యపు ఓటుతోనే జరుగును. అప్పటి పోటీలో ప్రధానులు ఇద్దరును తెలుగువారే: స్వతంత్రులుగా నిలిచిన గిరిగారు, కాంగ్రెసు అభ్యర్థిగా నిలిచిన శ్రీ నీలం సంజీవరెడ్డి. మూడవవారు శ్రీ సి. డి. దేశ్‌ముఖ్. ప్రధాని ఇందిరాగాంధి మనస్సాక్షి ననుసరించి ఓటు వేయుడని పిలుపు నిచ్చుటచేత కాంగ్రెసు రెండుగా చీలు పరిస్థితి యేర్పడినది. ఆగస్టు 16న పోలింగు, 20న లెక్కింపు.

ఈ ఎన్నికలో ఓటరుకు ఒకటే చీటీ గాని ఆ చీటీకి విలువ వేరు. అప్పుడు పార్లమెంటు సభ్యుని ఓటు విలువ 576. ఆ విలువల మొత్తము 8,36,337, కోటా 4,18,169. మొదటి లెక్కలో గిరిగారికి 4,01,515, సంజీవరెడ్డిగారికి 3,13,548, దేశ్‌ముఖ్‌గారికి 1,12,769 వచ్చెను. మిగిలిన అభ్యర్థులకు వచ్చినవి చాల స్వల్పము. కోటా ఎవరికిని లేదు. చిన్నవారిని, తుదకు దేశ్‌ముఖ్‌గారిని తొలగించి చీటీలు పంచిరి. ఆ పంపకములో సంజీవరెడ్డిగారికి 91,879 చేరెను. గిరిగారికి చేరినది 18,562 మాత్రమే. పాఠకులు ఈ రెండు సంఖ్యలను ఒక్క క్షణము పోల్చి చూడవలెను. రెండవ అంకెలలో దాదాపు ఐదింట నాలుగు వంతులు ఒకవైపే పోయినవి. అయినను తుది లెక్కలో గిరిగారు 4,20,077, సంజీవరెడ్డిగారు 4,05,427. కోటాను 1,908తో దాటి గిరిగారు రాష్ట్రపతి యైరి. ఆ కొద్దిపాటి 18,562 లేనిచో ఆయనకు కోటా దక్కియుండదు. వరుస లేని రెండు ఓట్ల లెక్కలో పార్వతీపురమున ఓడినవారు, వరుస గల ఒక్క ఓటు లెక్కలో ఢిల్లీలో గెలిచిరి. సంజీవరెడ్డిగారును 1977లో పోటీయే లేకుండ అదే పదవి నధిష్ఠించిరి.

ఈ పద్ధతిలోని మేలు విషయమున మేము ఎక్కువ చెప్ప నక్కరలేదు. "మనవాడు ఎట్లును గెలువడు, ఓటు వ్యర్థమగును" అను బెంగ ఇందులో లేదు. మనవానికి 1 వేసి, గెలువదగినవానికి 2 వేయవచ్చును. ఒకే భావము గల ఇద్దరు నిలిచి ఒకరి నొకరు ముంచుకొనుట తగ్గును. ఫ్రాన్సులో వలె రెండవసారి పోలింగు పెట్ట నక్కరలేదు. మన ఉపాధ్యాయ స్థానములో ఈ గుణము బాగుగ కనబడును. అక్కడ పోటీ ముఖ్యముగా సంఘముల నడుమ జరుగును. 2019లో గెలిచిన శ్రీ పాకలపాటి రఘువర్మ, 2025లో గెలిచిన శ్రీ గాదె శ్రీనివాసులు నాయుడు, శ్రీమతి విజయగౌరి 2025 పోటీలో ముగ్గురును బలవంతులే. ఎవరికిని సగము రాలేదు. మూడవ స్థానమున నున్న విజయగౌరి తొలగిన పిమ్మటనే ఫలితము తేలినది. రెండవ అంకె కావలెనన్న ఎదుటి సంఘమువారితో మర్యాదగా మాటలాడక తప్పదు. పాఠశాలల విశ్రాంతి గదులలో ఇది చిన్న లాభము కాదు.

చిక్కులు చూతము. పిల్లలిద్దరు చీటీమీద 1 మాత్రమే వేసి ఊరకుండిరనుకొనుడు. సముద్రము తొలగగనే వారి చీటీలు అయిపోయినవి. అప్పుడు నాలుగు, మూడు. అరసవల్లి నలుగురితోనే గెలుచును. సగముకంటె ఎక్కువమంది సమ్మతి యనుమాట చీటీలు ఇట్లు మిగిలిపోయినకొలది బలహీనమగును. 1969లో కూడ తుది యిద్దరికిని చేరని విలువ 10,833 కలదు.

ఇంతకంటె లోతైన లోప మింకొకటి. అరసవల్లి వారు నలుగురును, రామతీర్థము వారు ముగ్గురును తమ 2ను సముద్రమునకే వేసిరనుకొందము. అపుడు సముద్రమును అరసవల్లితో ముఖాముఖి పోల్చిన ఐదుగురికి నలుగురు. రామతీర్థముతో పోల్చిన ఆరుగురికి ముగ్గురు. ఎవరితో పోల్చినను సముద్రమే గెలుచును. కాని మొదటి లెక్కలో రెండే ఓట్లు గనుక మొదట తొలగునది అదియే! అందరును ఒప్పుకొనదగినవాడు, ఎవరికిని మొదటివాడు కానిచో, ఈ పద్ధతిలో నిలువలేడు. దీనికి మందు లేదు.

రహస్యమునకు కూడ కొంత భంగము కలదు. ముప్పదిమంది పేర్లున్న చీటీమీద ఫలానా వింత వరుసలో అంకెలు వేయుమని ఎవరైనను ఓటరును కట్టడి చేసినచో, లెక్కింపులో ఆ వరుసయే అతని సంతకమగును.

అన్నిటికంటె మమ్ము బాధించునది చెల్లని ఓట్ల సంగతి. పట్టా పుచ్చుకొన్నవారే వేసిన ఓట్లలో 12,318 చెల్లలేదని పైన చెప్పితిమి. చిరంజీవిరావుకు కోటాకు తక్కువైన 11,551 కంటె ఇది ఎక్కువ. పద్ధతి కఠినమని అందురు గాని నియమములు నాలుగే మాటలు. 1 తప్పక ఉండవలెను, ఒక్క పేరు ఎదుటనే ఉండవలెను. అంకెయే వేయవలెను, టిక్కు గుర్తు, అక్షరములలో "ఒకటి", సంతకము పనికిరావు. పోలింగు కేంద్రమున ఇచ్చిన ఊదారంగు కలముతోనే వ్రాయవలెను, జేబులోని కలముతో కాదు. 2 మొదలు మిగిలిన అంకెలు మన ఇష్టము; వానిలో పొరబాటు జరిగినను అంతవరకు వేసినవి చెల్లును. అన్నట్లు, అంకెలు మామూలు అంకెలే కానక్కరలేదు. రోమను అంకెలును, రాజ్యాంగము గుర్తించిన భారతీయ భాషల అంకెలును చెల్లును. ౧, ౨, ౩ అని వేసిన తెలుగు పట్టభద్రులు ఎందరో చూడవలెనని మాకు కుతూహలము.

ఇతర దేశములలో ఆస్ట్రేలియా 1918లోనే ప్రతినిధుల సభకు ఈ పద్ధతి తెచ్చినది; అక్కడ అభ్యర్థులందరికిని అంకెలు వేయకున్న ఓటు చెల్లదు. చీటీలు మధ్యలో అయిపోవు చిక్కు దీనిచేత తీరినది గాని, తెలియనివానికి కూడ అంకె వేయవలసి వచ్చుచున్నది. పొరుగున శ్రీలంకలో అధ్యక్ష ఎన్నికకు మూడు అంకెలవరకు వేయవచ్చును. 2024 సెప్టెంబరులో మొదటిసారిగా అక్కడ రెండవ అంకెలు లెక్కింపవలసి వచ్చినది.

శాసనసభకు, లోక్‌సభకు కూడ దీనిని తేవలెనని కొందరందురు. ఒక సాయంకాలమున యంత్రము చెప్పెడి ఫలితమును మూడు దినముల చీటీల పంపకముతో మార్చుకొనుటకు మేము తొందరపడము. చదువుకొన్నవారి ఓట్లే ఇన్ని చెల్లకపోవుచుండగా, చదువురాని అవ్వచేతికి ముప్పది పేర్ల చీటీ ఇచ్చుట న్యాయము కాదు. ఒక్కరినే ఎన్నుకొనవలసిన చోట, ఓటర్లు అంకెలు నేర్చియున్న చోట, ఇది మంచి పద్ధతియే.

ఈ స్థానముల ఓటర్ల పట్టిక శాసనసభ పట్టిక వంటిది కాదు. ప్రతి ఎన్నికకును క్రొత్తగా తయారగును. వెనుకటి సారి పేరున్నదని ఊరకున్నవారికి పోలింగునాడు నిరాశయే. ఎన్నికకు ముందరి నవంబరు 1 నాటికి పట్టా పొంది మూడేండ్లు నిండిన పట్టభద్రులు ఫారము 18, గడచిన ఆరేండ్లలో కనీసము మూడేండ్లు ఉన్నత పాఠశాల స్థాయికి తగ్గకుండ బోధించిన ఉపాధ్యాయులు ఫారము 19 నింపి ఇయ్యవలెను.